ఆపేసే మరిది, ఆగిపోయే లారీ

మా మరిదికి వెలుగుతున్నది ఏది కనిపించినా ఆపెయ్యాలి. అది బల్బు కావచ్చు, ఫ్యాను కావచ్చు, ఇస్త్రీ పెట్టె కావచ్చు. మనదా, పక్కింటిదా, ముక్కూమొహం తెలియని వాళ్లదా అన్న పట్టింపు లేదు. గదిలో మనుషులున్నారా లేరా అని ముందు చూడడు. స్విచ్చి టక్కుమన్నాక, చీకట్లోంచి ఎవరో కేక వేశాక, "ఓహో, ఉన్నారా?" అంటాడు. పోనీ మళ్లీ వేస్తాడా అంటే వెయ్యడు. "కాసేపుంటే కళ్లకి అలవాటైపోతుందిలే" అని వెళ్లిపోతాడు. అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ వీధిలో దాన్ని ఎవరూ వాడరు. చీకటయ్య అంటారు.

నేను అతనికి వదినను. మూతి మీద మీసం మొలవని రోజుల నుంచీ ఎరుగుదును. అప్పుడు బాగానే ఉండేవాడు. లైటు వేసుకుని తినేవాడు, ఫ్యాను వేసుకుని పడుకునేవాడు, అందరిలాగే మనిషి. ఈ జబ్బు మా ఆయన పోయిన వారంలోనే పట్టుకుంది.

ఆ వారం నన్ను ఓదార్చడానికి ముందుగదిలో చుట్టాలు కూర్చున్నారు. బయట ముసురు. ఉన్నట్టుండి లైటు పోయింది, ఫ్యాను ఆగింది. కరెంటు పోయిందనుకున్నాం. ఏడ్చేవాళ్లెవరో, ఓదార్చేవాళ్లెవరో తెలియని చీకటి. మా పెదనాన్న కూతురు నన్ననుకుని, కుర్చీలు వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిన అద్దె కుర్చీల మనిషిని కావలించుకుని గొల్లుమంది. ఆయన కూడా మర్యాద తెలిసినవాడు. వద్దనకుండా తనూ కాసేపు ఏడ్చాడు. తీరా చూస్తే పక్కింట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. గుమ్మం దగ్గర మా మరిది స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇదేం పని?" అన్నాను.

"ఏడవడానికి వెలుగెందుకు వదినా?" అన్నాడు.

చుట్టాలంతా అయ్యో అన్నారు. పాపం, అన్న పోయిన దిగులు ఇలా బయటపడుతోంది అని తీర్మానించి, టీ తాగి, తడుముకుంటూ చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయారని మర్నాడు తెలిసింది.

దిగులైతే కొన్నాళ్లకి తగ్గాలి కదా. ఇది ముదిరింది. ఇంటి నుంచి వీధికి పాకింది. మా వరసలో మంగలి కొట్టు ఉంది. అక్కడ గుయ్యిమంటూ జుట్టు కత్తిరించే మిషను ఉంది. చీకటయ్య అటుగా పోతూ లోపలికి చెయ్యి చాపి ఆపేస్తాడు. ఒకసారి కుర్చీలో ఉన్నది బాంకు గుమాస్తా. ఒక పక్క నున్నగా అయింది, రెండో పక్క అడవిలా ఉంది. మంగలి మిషను మళ్లీ వేస్తే ఇతను మళ్లీ ఆపాడు. గుమాస్తాకి ఆఫీసు వేళ మించిపోయి సగం తలతోనే పరిగెత్తాడు. ఆ వేళ బాంకులో అతని ఎదురుగా నిలబడ్డ ప్రతివాడూ తల పక్కకి వంచి మాట్లాడాడట.

ఇక టైలరమ్మతో నిత్యం యుద్ధమే. ఆ అమ్మాయి మా ఇంటికి రెండిళ్ల అవతల గదిలో కుడుతుంది. సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ పెట్టె పెడుతుంది. అది వేడెక్కిన వాసన ఎలా తగులుతుందో గానీ, చీకటయ్య ఎక్కడున్నా ప్రత్యక్షం.

"బాబాయ్! మళ్లీ ఆపావా?"

"ఆపానమ్మాయ్. ఇంక చాలు, నిప్పులా ఉంది."

"ఇంకా రెండు చొక్కాలున్నాయి!"

"ఆ వేడి మీద అయిపోతాయి."

"ఇది వేసుకునే అబ్బాయి రేపు ఉద్యోగం అడగడానికి పోతున్నాడు. ముడతలతో పోవాలా?"

"పోనీ. ముడతలుంటే అనుభవం ఉన్నవాడనుకుంటారు."

టైలరమ్మ కత్తెర పట్టుకుని మా ఇంటికి వస్తుంది. "పిన్నీ, నీ మరిదిని కట్టేసుకో. లేకపోతే ఈసారి స్విచ్చి బదులు ఆయన వేలు తెగుతుంది" అంటుంది. నేను మాత్రం ఏం చెయ్యను? నా ఇంట్లో నేనే మంచం కోడు తగిలించుకుని మోకాలు వాచి కూర్చున్నాను. "కరెంటాఫీసు వాళ్లేమైనా నిన్ను పనిలో పెట్టుకున్నారా?" అని అడిగితే, "చీకటి కళ్లకి చల్లన వదినా" అంటాడు. "నా మోకాలికి కాదు" అన్నాను. వినలేదు. మోకాలికి కాపడం పెట్టుకునే వేడిసంచీ కూడా ప్లగ్గులోంచి పీకేశాడు.

ఇలాంటి మనిషి బండికే తెల్లారేసరికి బాటరీలో కరెంటు ఉండకపోవడం ఏమిటో చెప్పండి.

మా ఆయన నాకు వదిలిపెట్టింది ఈ ఇల్లు, దాని వెనక దొడ్లో ఒక పాత లారీ. నీలం రంగు వెలిసి ఏ రంగో చెప్పలేనట్టుంటుంది. ఎడమ తలుపు తియ్యాలంటే లోపలినుంచి ఒకరు తన్నాలి. అయినా కూలబడకుండా నడిచేది. మా మరిది తోలతాడు. తెల్లారకముందే పిండి మిల్లు నుంచి బస్తాలు ఎత్తుకుని బ్రెడ్డు కంపెనీలకి దింపాలి. అదే మా ఇద్దరికీ జీవనాధారం. దొడ్లో ప్రహరీ గోడకి దాని వీపు తిప్పి, మనుషులు పట్టేంత సందు వదిలి నిలబెడతాడు. ముందు దొడ్డి తలుపు వైపు నేల వాలుగా ఉంటుంది.

ఆ వాలు మా పాలిట దేవుడైంది. ఎందుకంటే రోజూ పొద్దున్నే అదే వరస. మా మరిది తాళం తిప్పుతాడు. సెల్ఫు 'టిక్' అంటుంది. అంతే, ఇంకో అక్షరం పలకదు. హెడ్‌లైటు వేస్తే ముసలి పిల్లి కన్నులా ఎర్రగా చూసి మూసుకుంటుంది. అప్పుడు నేను వీధిలోకి వచ్చి చప్పట్లు కొట్టాలి. మంగలి నురగ చేతులతో వస్తాడు. టైలరమ్మ మెడలో టేపుతో వస్తుంది. నిద్రమొహాలతో ఇంకా నలుగురు. అందరూ కలిసి లారీ వెనక చేరి తొయ్యాలి.

"రాత్రంతా మా లైట్లు ఆపావు కదా బాబాయ్, ఆ కరెంటంతా ఏం చేశావు? నీ బండికైనా పోసుకోలేదా?" అంటుంది టైలరమ్మ తోస్తూ.

"మాటలాపి తొయ్యమ్మాయ్."

"అదిగో, మాటలు కూడా ఆపమంటున్నాడు!"

లారీ వాలులో దొర్లి, దగ్గి, నల్లటి పొగ మంగలి నురగ మీద కక్కి, అంటుకునేది. కొన్నాళ్లు అదీ సాగింది. కానీ వాన పడితే వాలంతా బురద. చక్రాలు తిరగవు, జనం జారిపడతారు. బస్తాలు ఆలస్యమవుతాయి. మిల్లు మేనేజరు ముందు గొణిగాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడినప్పుడే నాకు భయం వేసింది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటామమ్మా. పోయిన మీ ఆయన మీద గౌరవంతో చెబుతున్నాను" అన్నాడు.

బాటరీలు మార్చాం. కొత్తవి కూడా తెల్లారేసరికి ఎండిపోయాయి. మా మరిది సాయంత్రాలు లారీ ఊరికే ఇంజను వేసి దొడ్డంతా పొగ చేసుకుని కూర్చునేవాడు. "ఏం చేస్తున్నావయ్యా?" అంటే "నిండనీ వదినా, బాటరీ నిండనీ" అనేవాడు. లైటు వేస్తే ఓర్వలేనివాడు ఇంత డీజిలు తగలేస్తున్నాడేమిటని నాకు ఒళ్లు మండేది. బండిలో లోపం ఏదో ఉంది, ఇతనికి తెలియడం లేదు, తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకున్నాను.

చివరికి పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించాను. ఆ మనిషి నెమ్మదిగా లారీ చుట్టూ తిరిగాడు. ఒక్కో రేకు మీద వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. బతికున్న మనిషికి పాడె కొలత తీసినట్టుంది. మా ఆయన పొద్దున్నే లేచి నా మొహం కంటే ముందు ఆ లారీ మొహం చూసేవాడు. దాని మీద కోపంతోనే నేను బతికాను. ఇప్పుడు కోప్పడటానికి అదీ ఉండదు.

రాత్రి భోజనం దగ్గర మరిదితో చెప్పాను. "రేపు ఎలక్ట్రీషియను వస్తాడు. కరెంటు ఎవరు తాగుతున్నారో సాయంత్రంలోగా తేలిస్తే సరి. తేలకపోతే ఇనుపాయన తోలుకుపోతాడు. మాటిచ్చేశాను."

మా మరిది చెయ్యి కంచంలో ఆగిపోయింది. లేచి లైటు ఆపేశాడు. చీకట్లోంచి మాట వచ్చింది.

"అమ్మొద్దు వదినా."

"అయితే ఎందుకు ఆగుతోందో చెప్పు."

  కంచం తీసుకుని వెళ్లి కడుక్కున్నాడు. తిన్నది ఏమీ లేదు.

మర్నాడు మబ్బు మూసుకునే తెల్లారింది. ఎలక్ట్రీషియను సన్నగా, పొడుగ్గా ఉంటాడు, నోరు మూతపడదు. వచ్చీ రాగానే లారీ పక్కనున్న పెట్టె మూత ఎత్తాడు. బాటరీకి తగిలించిన లావుపాటి తీగ ఒకటి విప్పాడు. ఆ తీగకీ బాటరీకీ మధ్య ఒక చిన్న బల్బు కట్టాడు.

"ఇదేమిటయ్యా, దీపం పెట్టావు?"

"దొంగని పట్టే దీపం పెద్దమ్మా. బండిలో అన్నీ ఆపేసి ఉన్నాయి కదా. ఎవరూ కరెంటు తాగకపోతే ఇది వెలగదు. ఎవడైనా దొంగచాటుగా తాగుతుంటే, వాడు తాగేదంతా ఈ బల్బులోంచే పోవాలి. అప్పుడు వెలుగుతుంది. చూడండి."

చూశాం. బల్బు వెలగలేదు. ఊదాడు, తుడిచాడు, తీగలు కదిపాడు. వెలగలేదు.

"బండి బంగారం పెద్దమ్మా. చుక్క కారడం లేదు."

"మరి రోజూ పొద్దున్నే నేను చప్పట్లు కొడుతున్నది నీ పాట వినా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. పగలు మంచివాడు, రాత్రి దొంగ. అలాంటి మనుషుల్ని చూశాను గానీ లారీని చూడలేదు."

మా మరిది పక్కనే నిలబడి అతని చేతుల వంకే చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది. "తీగ మళ్లీ ఎప్పుడు తగిలిస్తావు?" అని అడిగాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగాడు. "తొందరేముంది బాబాయ్, బండి ఎక్కడికీ పోవడం లేదుగా" అని ఎలక్ట్రీషియను బీడీ వెలిగించాడు. బీడీ ఒక్కటీ మా మరిది ఆపలేదు, ఎందుకో.

మధ్యాహ్నానికి మబ్బు ఇంకా కిందికి దిగి వాన పట్టుకుంది. పట్టపగలే మునిమాపులా అయిపోయింది. వీధిలో అన్ని ఇళ్లలోనూ లైట్లు వెలిగాయి. బట్టలు ఆరడం లేదని టైలరమ్మ ఇస్త్రీ పెట్టె పెట్టింది. మా ఇంట్లో బల్బు గుడ్డిగా కొట్టుకుంటోంది. మా మరిది ఆ బల్బు వంక ఒకసారి, వీధి వంక ఒకసారి చూసి, గొడుగైనా లేకుండా వానలో పరిగెత్తాడు. "ఆపండి! అందరూ ఆపండి! అమ్మాయ్, పెట్టె తియ్యి!" అని అరుపులు వినిపిస్తున్నాయి. టైలరమ్మ తిట్లు కూడా వినిపిస్తున్నాయి.

"ఇక్కడ బండి ప్రాణం పోతుంటే ఆయనకి లైట్ల గొడవా?" అన్నాడు ఎలక్ట్రీషియను.

నేను నెత్తి కొట్టుకోబోయి ఆగిపోయాను. బాటరీ పెట్టె దగ్గర ఎర్రగా ఏదో కనిపించింది. వెలగదన్న బల్బు వెలుగుతోంది.

"ఒరేయ్ అబ్బాయ్! దొంగ!"

ఎలక్ట్రీషియను బీడీ పారేసి గెంతాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. హారనుది పీకాడు, వెలుగుతూనే ఉంది. వెనక దీపాలది పీకాడు, వెలుగుతూనే ఉంది. అద్దం తుడిచేదాని ఫ్యూజు, కేబిన్ బల్బు ఫ్యూజు, అన్నీ పీకి జేబులో పోసుకున్నాడు. డైనమో తీగ ఊడదీశాడు. బల్బు నవ్వుతున్నట్టే వెలుగుతోంది. అప్పుడు బురదలో వెల్లకిలా పడి లారీ కిందికి దూరాడు. కాళ్లు మాత్రమే బయట ఉన్నాయి. కాసేపటికి ఆ కాళ్లు ఆడటం మానేశాయి.

"పెద్దమ్మా," అన్నాడు లోపల్నుంచి, "మీ లారీకి బొడ్డుతాడు ఉంది."

"ఏం కూస్తున్నావు?"

"నిజం. లావుపాటి తీగ. మట్టీ గ్రీజూ పూసి దాచారు. బాటరీ నుంచి కింద పాకుతూ వెనక్కి పోయింది. గోడలోకి దూరింది."

నేను లారీ వెనక్కి వెళ్లి గోడ సందులో చెయ్యి పెట్టాను. ఒక ఇటుక వదులుగా ఉంది. దాని పక్కనుంచి తీగ అవతలికి పోయింది. గోడ అవతల వెనక సందు వాళ్ల రేకుల గది ఒకటి ఉంది. అందులో ఎవరో రోగిష్టి మనిషి ఉంటాడని విన్నాను గానీ ఎప్పుడూ తలుపు తీసి ఉండగా చూడలేదు. చెవి పెట్టి విన్నాను. అవతల ఏదో మిషను కీచు కీచుమని అరుస్తోంది. ఆ అరుపు మధ్యలో మనిషి ఊపిరి. చిల్లు పడ్డ గొట్టంలో నీళ్లు లాగినట్టు ఉంది ఆ ఊపిరి.

అంతలో మా మరిది వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. వెలుగుతున్న బల్బు చూశాడు, ఊడదీసిన తీగ చూశాడు, ఆ కీచు విన్నాడు.

"వెయ్యండి!" అని అరిచాడు. "తగిలించండి! ముందు కరెంటు వెయ్యండి!"

ఆ నోటి వెంట 'వెయ్యి' అన్న మాట నేను వినడం, మా ఆయన పోయాక అదే మొదలు. ఎలక్ట్రీషియను లారీ కిందనుంచి లేవబోయి తల కొట్టుకుని మళ్లీ పడ్డాడు. నేనే వెళ్లాను. ఆ చిన్న బల్బు పీకి అవతల పారేసి, లావు తీగ పట్టుకుని బాటరీ తల మీద అదిమాను. చిటుక్కుమని నిప్పు లేచింది. చెయ్యి చురుక్కుమంది. వదల్లేదు.

గోడ అవతల కీచు ఆగింది. గుర్రుమని మిషను తిరగడం మొదలైంది. మేము ముగ్గురం ఊపిరి బిగబట్టి వింటున్నాం. చాలాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు. తర్వాత ఒక దగ్గు. ఇంకో దగ్గు. ఆ తర్వాత, మనిషి పూర్తిగా బతికే ఉన్నాడని తేల్చేస్తూ, ఒక బూతు మాట.

మా మరిది లారీ చక్రానికి ఆనుకుని బురదలో కూలబడ్డాడు. "ఉన్నాడు" అన్నాడు. "తిడుతున్నాడు."

నేను ఇంకేమీ అడగకుండా వెనక సందుకి తిరిగి వెళ్లి ఆ రేకుల గది తలుపు తోశాను. మంచం మీద ఎముకల గూడులా ఒక మనిషి, ముక్కులో గొట్టం, పక్కన బుడబుడమంటూ ఊపిరి మిషను. చెయ్యి అందే దూరంలో ఒక స్విచ్చి, ఇన్వర్టరు పెట్టె, అక్కడికే వచ్చి ఆగిన మా లారీ తీగ. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మా ఆయనకీ, మా మరిదికీ లారీ తోలడం నేర్పిన పెద్ద డ్రైవరు. ఎన్ని కొండలెక్కించాడో, ఎంత సిమెంటు దుమ్ము మింగాడో. కూతురి దగ్గరికి వెళ్లిపోయాడనుకున్నాం. మా ఆయన పోయినప్పుడు ఆఖరి చూపుకి కూడా రాలేదని నేను ఈయన్ని తిట్టని రోజు లేదు.

"నువ్వా?" అన్నాను.

"రాలేకపోయానమ్మా," అన్నాడు ఆయన. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవాలి. "ఆ వారమే... ఈ గదికి తెచ్చి పడేశారు. మీ ఏడుపులు... గోడలోంచి వినిపించాయి."

వెనకే వచ్చిన మా మరిది గుమ్మంలో నిలబడి గోడకి చెబుతున్నట్టు చెప్పాడు. "కరెంటు మన వీధిలోంచే వస్తుంది వదినా. అన్ని ఇళ్లూ తాగాక మిగిలింది చివర ఈయనకి. సాయంత్రమయ్యేసరికి మిషను గొంతు పట్టేస్తుంది. వీధిలో ఒక ఇస్త్రీ పెట్టె ఆపితే చాలు, మళ్లీ తిరుగుతుంది. ముందుగదిలో ఫ్యాను ఆపినా కాస్త తేడా తెలుస్తుంది. అన్నీ ఆపినా చాలకపోతే ఈయన ఆ స్విచ్చి లారీ మీదికి తిప్పుకుంటాడు. పొద్దున్నే బండి తీసేముందు తీగ నేనే ఊడదీస్తాను."

"కరెంటాఫీసులో చెప్పలేదా?"

"చెప్పని వారం లేదు. వస్తామంటారు, రారు."

"నోరు తెరిచి మాకు చెబితే మేమే ఆపేవాళ్లం కాదా?"

మా మరిది మంచం వంక చూశాడు. పెద్ద డ్రైవరే అందుకున్నాడు. "నేనే ఒట్టేయించుకున్నాను. తెలిస్తే... అందరూ వచ్చి ఆ గుమ్మంలో నిలబడి... అయ్యో అంటారు. ఆ అయ్యోలకి... జవాబు చెప్పాలంటే... గాలి దండగ."

నాకు అయ్యో అనడం రాదు. వచ్చింది అన్నాను. "సిగ్గులేదా నీకు? నీ పౌరుషం కోసం నా మరిదిని వీధిలో పిచ్చివాణ్ణి చేశావు. బండి ఇనుముకి పోవలసి వచ్చింది. మంగలి కొట్లో సగం తలల మనుషులు తిరుగుతున్నారు. నా మోకాలు చూడు, ఇంత లావైంది. చావాలనుంటే గోడ అవతల నిశ్శబ్దంగా చావలేకపోయావా, బతకాలనుంటే నోరు పెట్టి అడగలేకపోయావా?"

మా మరిది కంగారుపడి "వదినా!" అన్నాడు. మంచం మీద మనిషి మాత్రం నవ్వుతున్నాడు. నవ్వితే దగ్గు వస్తోంది, దగ్గితే నవ్వు వస్తోంది. "ఎన్నాళ్లకి... మనిషిలా తిట్టారమ్మా. వీడైతే... దొంగలా వచ్చి, కాళ్లు పట్టి... పోతాడు."

సాయంత్రం ఇనుము కొనేవాడు తాళ్లు, ఇద్దరు మనుషులతో సహా వచ్చాడు. దొడ్డి తలుపు దగ్గరే ఆపాను.

"ఏమ్మా, లోపం దొరికిందా?"

"దొరికింది."

"ఏమిటట?"

"మా మరిది."

ఆయనకి అర్థం కాలేదు. "బాగవుతుందా?" అన్నాడు.

"బాగుచెయ్యాల్సింది మాకే. వెళ్లు."

ఎలక్ట్రీషియను బాగుచెయ్యాల్సింది మాత్రం చేశాడు. మేము తీసి పక్కన పడేసిన పాత బాటరీలు బాగానే ఉన్నాయని తేల్చి, వాటిని లారీలోనే వేరే పెట్టెలో పెట్టాడు. లారీ ఇంజను తిరిగినంతసేపూ అవీ నిండుతాయట, ఇంజను ఆగగానే మధ్యలో తలుపు మూసుకుంటుందట. రాత్రి గోడ అవతలికి ఎంత పోయినా అక్కడి నుంచే పోవాలి, లారీ సొంత బాటరీల జోలికి రాదు. ఇదంతా నాకు వివరంగా చెప్పాడు. నాకు తలుపు అన్న మాట వరకే అర్థమైంది, అది చాలు. జేబులోని ఫ్యూజులు తిరిగి పెట్టమని గుర్తుచేసింది నేనే.

వీధికి విషయం ఎలా తెలిసిందంటే, నేను టైలరమ్మకి ఒక్కదానికే చెప్పాను. ఆ అమ్మాయి వెళ్లి ఇస్త్రీ పెట్టె తీగ చుట్టి అటక మీద పెట్టింది. తర్వాత వచ్చి, "ఇకనుంచి ఇస్త్రీ పొద్దుటిపూట చేస్తాను పిన్నీ. అయినా ఆ బాబాయిని నేనెన్ని మాటలన్నాను" అని ముక్కు చీదింది. "గుమ్మంలో నిలబడి అయ్యో అన్నావంటే కాళ్లు విరగ్గొడతాను. ఆ గదికి వెళ్లాలనుంటే తిట్టడానికి వెళ్లు" అన్నాను.

మర్నాడు పొద్దున్న కూడా ముసురు వదల్లేదు. దొడ్డి తలుపు తీసిన చప్పుడుకే, నేను చప్పట్లు కొట్టకుండానే, అందరూ వచ్చి లారీ వెనక వరసగా నిలబడ్డారు. మంగలి, టైలరమ్మ, నిద్రమొహాలు, అందరూ. పాపం, బురదలో కాళ్లు పాతుకుని చేతులు చాపి సిద్ధంగా ఉన్నారు. మా మరిది లోపల్నుంచి తలుపు తన్ని దిగి వాళ్లని చూశాడు. మళ్లీ ఎక్కి తాళం తిప్పాడు.

సెల్ఫు గర్రుమని తిరిగింది. లారీ ఒక్క దెబ్బకి అంటుకుంది. వాళ్లంతా గాలిలో చేతులు చాపుకునే ఉండిపోయారు, తొయ్యడానికి ఏమీ లేదు.

మా మరిది కిటికీలోంచి తల బయట పెట్టాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "వచ్చారు సరే, ఇళ్లలో లైట్లన్నీ ఆపే వచ్చారా?" అన్నాడు గట్టిగా.

"అన్నీ ఆపే వచ్చాం బాబాయ్," అంది టైలరమ్మ. "వీధంతా చూసుకో, ఒక్కటి వెలగడం లేదు."

వెనక్కి తిరిగి చూశాను. నిజమే. ఇళ్లన్నీ ఆ ముసురులో నల్లగా, బుద్ధిగా ఉన్నాయి.  ఆపడానికి ఏమీ మిగలని మనిషిని నేను మొదటిసారి చూశాను. మా మరిది మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, హారను మీద చెయ్యి పెట్టి పెద్దగా మోగించాడు. మోగిస్తూనే ఉన్నాడు.

గోడ అవతల నుంచి పెద్ద డ్రైవరు, మధ్యలో ఎక్కడా ఊపిరికి ఆగకుండా, ఒక్క దమ్ములో అరిచాడు.

"ఆపరా చవటా! బాటరీ దిగిపోదూ!"